టికి బోవు గైర్హాజరు

మా వైపు ప్రతి పిల్లకీ రెండు పేర్లుంటాయి. ఒకటి బడిలో రాయించే మంచి పేరు. రెండోది ఇంట్లోనూ వీధిలోనూ పిలిచే పేరు. మంచి పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. పెళ్ళి కార్డు మీద చూసి, ఇదెవరబ్బా అని అడిగినవాళ్ళున్నారు. తల్లిని కూడా తొలి బిడ్డ పిలుపు పేరుతోనే పిలుస్తారు. టికి పుట్టినప్పటి నుంచి మా అక్క సంజుక్త, టికి బోవు అయిపోయింది. బోవు అంటే అమ్మ. కట్టుకున్న మొగుడు కూడా "టికి బోవూ, తువ్వాలెక్కడ?" అనేవాడు. తన సొంత పేరు అక్క ఓటేసేటప్పుడు మాత్రమే వినేది.

ఆ పిల్ల మంచి పేరు ఇక్కడ రాయను. టికి అనేది కూడా అసలు పిలుపు పేరు కాదు, అలాంటిదే ఇంకొకటి పెట్టాను. మా జిల్లా ఏదో, ఊరేదో అడగొద్దు. మహానది సముద్రంలో కలిసే చోట ఉన్న ఊళ్ళలో ఒకటి అనుకోండి చాలు.

ట్యూషన్ మాస్టారి మీద కేసు పెట్టినప్పుడు టికికి పదకొండేళ్ళు. జరిగింది కోర్టుకు చెప్పాం. మళ్ళీ ఇక్కడ చెప్పను. ఆ తర్వాత ఊరు ఎలా మారిందో మాత్రం చెప్పాలి, మా భయమంతా దాని గురించే కాబట్టి. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. బోరింగు దగ్గరికి అక్క బిందెతో వెళ్ళగానే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవారు. టికి వీధిలోకి వస్తే తల్లులు తమ పిల్లల్ని ఏదో పని ఉందని లోపలికి పిలిచేవారు. ఒక రోజు బడి గోడ మీద ఎవరో బొగ్గుతో టికి పేరు రాసి, పక్కన బొమ్మ గీశారు. మా అక్క అత్తగారు తడిగుడ్డ పట్టుకెళ్ళి తుడిచింది. బొమ్మ పోయింది గాని మరక పోలేదు.

టికి ఆనాటి నుంచి పొద్దంతా వడ్ల గాదె వెనకే కూర్చునేది. అన్నం అక్కడికే తీసుకెళ్ళి పెట్టేవాళ్ళం. సగం తిని, సగం కోళ్ళకు వేసేది. ఎవరైనా వాకిట్లోకి వచ్చి "టికీ" అని పిలిస్తే రెండు చేతులతో చెవులు మూసుకునేది. బావ సూరత్‌లో మగ్గాల మిల్లులో పని చేస్తాడు. ఫోన్‌లో అంతా విన్నాడు. తర్వాత, "కటక్ వెళ్ళిపోండి. అక్కడ మనల్ని ఎరిగినవాడు లేడు," అన్నాడు.

అక్క, అత్తగారు, టికి, చిన్నవాడు బాపి, నేను కటక్ వచ్చాం. నేను జాకెట్లు కుట్టే దుకాణంలో చేరాను. బస్సు దిగేముందే అక్క అందరికీ చెప్పింది.

"ఇవాళ్టి నుంచి టికి అనే మాట మన నోట్లోంచి రాకూడదు. బడి పేరుతోనే పిలవండి. నన్ను బాపి బోవు అనండి."

"ఆ పేరు నా నోరు తిరగదే," అంది అత్తగారు. "తాసిల్దారుగారిని పిలిచినట్టుంటది. నా మనవరాల్ని నేనే మీరు అనాలేమో."

"నోరు తిరగకపోతే పిలవకండి అత్తా. సైగ చెయ్యండి."

ముసలావిడకు ఒక కన్ను కనిపించదు. రెండో కంటితో కోడలిని ఎగాదిగా చూసి మూతి తిప్పుకుంది. కాని మాట నిలబెట్టుకుంది, దాదాపుగా.

ఏడాది తిరిగేసరికి టికి మారింది. కొత్త బడిలో స్నేహితురాలు దొరికింది. జడకు రిబ్బను కట్టమని పేచీ పెట్టేది. దైతారి అనే ఆటో ఆయన మా వీధి పిల్లలందరినీ బడికి తీసుకెళ్ళేవాడు. నోరు కాస్త పెద్దది గాని మంచివాడు. ఒక పొద్దున ఆటో కదిలాక అత్తగారు అన్నం డబ్బా పట్టుకుని గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, "టికీ! డబ్బా!" అని అరిచేసింది.

దైతారి బండి ఆపి వెనక్కి తిరిగాడు. "టికి ఎవరు అవ్వా?"

ఆటోలోంచి టికే జవాబు చెప్పింది. "మా పిల్లి."

"పిల్లికి డబ్బా కడతారా మీ ఇంట్లో! నన్ను కూడా పెంచుకోండి అవ్వా," అన్నాడు దైతారి. పిల్లలంతా నవ్వారు. టికి కూడా నవ్వింది. ఆ సాయంత్రం మాత్రం అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ముసలావిడ తన చెంపలు తనే వాయించుకుంది.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో తీర్పు వచ్చింది. మాస్టారికి ఇరవై ఏళ్ళ శిక్ష. కేసు మొదటినుంచి చూసిన ఉచిత న్యాయసహాయం వకీలమ్మ ఫోన్ చేసి చెప్పింది. అక్క ఖీరి, అంటే పాయసం, వండింది. ఎందుకు వండిందో బాపికి చెప్పలేదు, వాడు అడగనూ లేదు, గిన్నె నాకేశాడు.

తీర్పు కాపీ నా ఫోన్‌కు వచ్చింది. దుకాణంలో, కొలతలు తీసే తెర వెనక కూర్చుని చదివాను. ఇంగ్లీషు నాకు నెమ్మదిగా వస్తుంది. ఒక్కో వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. పిల్ల మంచి పేరు ఉండాల్సిన ప్రతిచోటా బాధితురాలు అని వేశారు. బావ పేరు తీసేశారు. ఊరి పేరు తీసేశారు. గుండె కుదుటపడింది. ఇంత జాగ్రత్త పడ్డారు కదా అనుకున్నాను.

అప్పుడు మూడో సాక్షి మాటలు వచ్చాయి. ఆమె మా పక్కింటావిడ. "టికి బోవు ఏడుస్తూ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది," అని ఉంది. దాని కింద, "టికి గాదె వెనక దాక్కుని ఉంది, నేను పిలిస్తే పలకలేదు." తర్వాతి పేజీలో బడి అయ్యవారు చెప్పింది, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తోడు వచ్చిన ఆశా కార్యకర్త చెప్పింది. అందరూ టికి అనే అన్నారు. ఊళ్ళో ఇంకో పేరు ఎవరికి తెలుసు? టైపు చేసినవాళ్ళు బడి సర్టిఫికెట్లో ఉన్న పేరొక్కటే వెతికి తీసేశారు. ఎవరికీ తెలియని పేరును దాచి, అందరూ పిలిచే పేరును అలాగే వదిలేశారు. తండ్రి సూరత్‌లో మగ్గాల మిల్లులో ఉంటాడని ఉంది. నాయనమ్మకు ఒక కన్ను లేదని ఉంది. చిన్న తమ్ముడున్నాడని ఉంది. చదువుతూ ఉంటే మా ఇల్లు మొత్తం తలుపులు తెరిచి వీధిలో పెట్టినట్టు కనిపించింది.

కటక్‌లో మేము అద్దెకున్న ఇంటివాళ్ళావిడ రోజూ టీవీ ముందు కూర్చుని ఈ మాస్టారి కేసు గురించే మాట్లాడేది. "ఎవరి పిల్లో పాపం," అనేది అక్కతోనే.

వకీలమ్మకు ఫోన్ చేశాను.

"పేరు తీసేశారు కదా కుమీ, నేను చూశాను."

"ఆ పేరు ఎవరికీ తెలియదమ్మా. టికి అనే పిలుస్తారు."

పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "అయ్యో," అంది చివరికి. "నేను కూడా గమనించలేదు. విను. దసరా పూజ సెలవులకు కోర్టు మూసేముందు తీర్పులన్నీ కంప్యూటర్లో పెట్టేస్తారు. లోకంలో ఎవరైనా చూడొచ్చు. ఒకసారి పైకెక్కితే ఎంతమంది దింపుకుంటారో మన చేతిలో ఉండదు. ఇంకా పెట్టలేదు. సెలవుల ముందు ఆఖరి రోజున పిటిషన్ వినేలా చూస్తాను. మీ అక్క తప్పకుండా రావాలి. ఏయే పేర్లు దాచాలో జడ్జిగారికి ఆమే చెప్పాలి. రాకపోతే పిటిషన్ కొట్టేస్తారు, సాయంత్రానికల్లా తీర్పు పైకెళ్ళిపోతుంది."

అక్కకు చెప్పాను. కత్తిపీట మీద కూర తరుగుతోంది. "ఇంకో ఊరు ఎక్కడుంది కుమీ మనకి?" అంది.

*

ఆఖరి రోజు తొలి బస్సుకు మా జిల్లా కోర్టుకు వెళ్ళాం. టికికి మాత్రం జాకెట్ గుడ్డలు కొనడానికి వెళ్తున్నామని చెప్పాం. అక్క దారంతా కొంగు ముఖం మీదికి లాక్కునే కూర్చుంది. మా జిల్లా మనుషులు ఎక్కే బస్సు అది.

కోర్టు వరండా కిటకిటలాడుతోంది. సెలవుల ముందు పని తెముల్చుకోవాలని అందరూ వచ్చారు. వకీలమ్మ మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, "పక్క కోర్టులో ఒక బెయిలుంది, మీది పిలిచేసరికి వచ్చేస్తా," అని వెళ్ళింది.

అక్కడి బంట్రోతు నటబర్. మేము మౌసా అంటాం, బాబాయ్ అన్నట్టు. ముసలాయన, తెల్ల చొక్కా మీద ఎర్ర పట్టీ వేసుకుంటాడు. వరండాలోకి వచ్చి కేసు పేర్లు మూడేసిసార్లు పిలవడం ఆయన పని. టికి సాక్ష్యం చెప్పిన రోజున తన బొరుగుల పొట్లం దాని చేతిలో పెట్టి, "కరకరా నములు, భయం పోతుంది," అన్నాడు. అక్కను గుర్తుపట్టి దగ్గరికొచ్చి వంగాడు.

"అమ్మా, ఈ చీటీలో నీ పేరు రాయలేదు. బాధితురాలి తల్లి అని రాశారు. వరండాలో అలా అరిస్తే బావుంటుందా? నీ మంచి పేరు పిలవొద్దని పైనుంచి ఆర్డరు. పిలిచినా మీ ఊళ్ళవాళ్ళు మంచి పేరుకి పలకరు కదా, నా నలభై ఏళ్ళ సర్వీసులో ఎవరు పలికారని! ఇంటిదగ్గర నిన్నేమంటారో మళ్ళీ చెప్పు, మరిచిపోయా. గుట్టుగా అదే పిలుస్తా."

"టికి బోవు," అంది అక్క.

ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ కోర్టులో అక్క ఎప్పుడూ టికి బోవే. రెండేళ్ళు ఆ వరండాలో ఎవరడిగినా అదే చెప్పింది. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. ఆయన లోపలికి వెళ్ళాక గాని అక్కకు తెలియలేదు. నా మోచెయ్యి పట్టుకుంది.

"కుమీ. నేనేం చెప్పాను?"

నేను లేచాను. ఆయన వెనకే వెళ్ళి మార్పించుకోవాలనుకున్నాను. రెండడుగులు వేశానో లేదో, వెనక నుంచి కేక వినిపించింది.

"అరె! బాపి బోవు వదినా! మీరిక్కడేంటి?"

దైతారి. ఇస్త్రీ చొక్కా, చంకలో ప్లాస్టిక్ సంచి. ముఖమంతా నవ్వు. పరాయి ఊళ్ళో సొంత వీధి మనిషి కనబడితే ఎవరికైనా వచ్చే నవ్వే అది. నేను వెనక్కొచ్చి అక్క పక్కన కూర్చున్నాను.

"మా అన్న మీద కేసు వదినా," అంటూ అక్క పక్కనే కూలబడ్డాడు. "మా నాన్న కొబ్బరి తోటంతా తినేశాడు. మాది ఇదే జిల్లా కదా, చెప్పలేదూ? ఏడేళ్ళుగా వాయిదాలే. జడ్జీలు మారతారు, మా అన్న మారడు. మీదేం కేసు?"

"పొలం," అంది అక్క.

"ఎవరితో?"

"మరిదితో."

"మరిదా? అవ్వకు ఒక్కడే కొడుకని చెప్పింది నాతో."

"బావ చిన్నాన్న కొడుకు," అన్నాను నేను. "వరసకు మరిది."

"అదీ సంగతి. చిన్నాన్న కొడుకులు తేళ్ళు. సొంత అన్నలైతే పాములనుకోండి." తన మాటకు తనే నవ్వుకుని టీ కుర్రాణ్ణి పిలిచాడు. "మూడు. అల్లం బాగా దంచు. మా వదినగారు కటక్ నుంచి వచ్చారు."

మా వదినగారు కటక్ నుంచి వచ్చారు, అని వరండా అంతా వినపడేలా అన్నాడు. నేను అటూ ఇటూ చూశాను. తెలిసిన ముఖాలు కనబడలేదు. అక్క టీ గ్లాసు తీసుకుని కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"అమ్మాయి చదువు బావుంది వదినా," అన్నాడు దైతారి. "ఆటోలో లెక్కలు గడగడా చెప్పేస్తుంది. మా అమ్మాయిని దాని పక్కనే కూర్చోబెడుతున్నా. తెలివి అంటుకుంటదేమోనని."

అప్పుడు తలుపు తెరుచుకుంది. నటబర్ గడప మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"టికి బోవూ! టికి బోవు ఉన్నారా!"

అక్క కదల్లేదు. గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. వరండాలో నాలుగు తలలు అటూ ఇటూ తిరిగాయి, ఎవరు లేస్తారా అని. దైతారి తొడ మీద చరుచుకున్నాడు.

"విన్నారా వదినా! టికి బోవట! టికి మీ పిల్లి కాదూ? పిల్లి తల్లి వచ్చిందట కోర్టుకి!"

అక్క నవ్వింది. ఆ నవ్వు నేను ఎప్పటికీ మర్చిపోను. పళ్ళు మాత్రమే కనబడ్డాయి.

"ఎలకల మీద కేసేమో," అన్నాను.

"భలే దానివే నువ్వు! ఎప్పుడూ మాట్లాడవు గాని!" దైతారి పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి తలుపు వైపు చూశాడు. "పాపం, ఇది పిల్లల కేసుల కోర్టు కదా. ఏ పల్లెటూరి తల్లో. లేచి వెళ్ళడానికి భయపడుతోందేమో." కళ్ళతోనే వరండా అంతా వెతకడం మొదలుపెట్టాడు. ఒక్కో ఆడమనిషి ముఖాన్నీ చూస్తున్నాడు. నిజంగా జాలితోనే చూస్తున్నాడు. ఆ తల్లి కనబడితే వెళ్ళి ధైర్యం చెప్పేవాడేమో కూడా.

"టికి బోవూ! ఉన్నారా!" రెండో పిలుపు.

అక్క లేస్తే దైతారికి తెలిసిపోతుంది. రేపు పొద్దున ఆటోలో పిల్లలుంటారు, వాళ్ళ ఇళ్ళ గుమ్మాల్లో తల్లులుంటారు, దైతారి నోరు ఉంటుంది. చెడ్డ చెయ్యాలని చెప్పడు. పాపం ఆ పిల్లను బాగా చూసుకోండమ్మా అనే చెబుతాడు, ఒక్కో గుమ్మంలో. లేవకపోతే ఇంకొక్క పిలుపు, అంతే. పిటిషన్ పోతుంది. సాయంత్రానికి ఆ పేరు ఎవరైనా చదువుకోవచ్చు.

"నీళ్ళు తాగొస్తా," అని లేచాను.

కుండ తలుపు పక్కనే ఉంది. గ్లాసు ముంచి, ముఖం గోడ వైపు పెట్టి, పెదవులు కదిలీ కదలకుండా అన్నాను.

"మౌసా, ఇటు చూడకండి. ఆమె ఉంది. ఆ పేరు పిలవకండి. ఆమె పక్కన కూర్చున్నాయన మా వీధి మనిషి. దాచమని అడగడానికి వచ్చింది ఆ పేరే."

"చచ్చాను," అన్నాడు గొణుగుతూ. "నేను దాచాననుకున్నానే."

"ఇంకో పిలుపు మిగిలింది కదా."

"మిగిలింది. లోపల వింటున్నారు."

ఛాతీ నిండా గాలి పీల్చుకుని, ఇంతకు ముందుకంటే గట్టిగా, గేటు దాకా వినిపించేలా అరిచాడు.

"టికి బోవు... గైర్హాజరు!"

తలుపు మూసుకుంది. ఆయన నా మాట అర్థం చేసుకుని అలా అన్నాడా, లేక నిజంగానే రాలేదని రాయించేస్తున్నాడా? మూడో పిలుపు అయిపోయింది. తలుపు తోసుకుని లోపలికి పోదామంటే దైతారి నన్నే చూస్తున్నాడు. తిరిగొచ్చి కూర్చున్నాను.

"రాలేదు పాపం," అన్నాడు దైతారి. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మా వైపు తిరిగాడు. "అవును వదినా, పొలం కేసులన్నీ ఆ వెనక బిల్డింగులో కదా. మీరిక్కడ కూర్చున్నారేంటి?"

అక్క కళ్ళు పైకెత్తింది.

"ఇక్కడ ఫ్యానుంది," అంది.

దైతారి తలెత్తి చూశాడు. ఫ్యాను ఉంది, తిరుగుతోంది కూడా. "నిజమే. అక్కడ ఈగలు తప్ప ఏమీ లేవు." సంచి తీసుకుని లేచాడు. "నాది పిలిచే టైమయింది. మా అన్న ముఖం చూసొస్తా. మీరిక్కడే ఉండండి, కలిసి పోదాం."

ఆయన వీపు మూల తిరిగేదాకా మేమిద్దరం చూస్తూ కూర్చున్నాం. అప్పుడు అక్క అంది. "గైర్హాజరు అన్నాడు కుమీ. అయిపోయింది కదా?"

"తెలియదు."

పక్కనున్న చిన్న తలుపు, పాత ఫైళ్ళు పెట్టే గదిది, కాస్త తెరుచుకుంది. ఎర్ర పట్టీ కనిపించింది. తర్వాత ఒక చెయ్యి, కోడిపిల్లల్ని పిలిచినట్టు వేళ్ళు ఆడించింది. వకీలమ్మ కూడా ఆ వెనకే ఉంది, వగరుస్తూ.

దుమ్ము పట్టిన కట్టల మధ్యలోంచి నడిపించి నటబర్ మమ్మల్ని జడ్జిగారి గదిలోకి తీసుకెళ్ళాడు. జడ్జిగారు వయసులో చిన్నవాడే. జలుబు చేసి ముక్కు తుడుచుకుంటున్నాడు.

"గైర్హాజరు అని అరిచావు కదా నటబర్?"

"అరిచాను సార్. పొరపాటు. వయసైపోయింది."

జడ్జిగారు ఆయన ముఖంలోకి చూసి ఇంకేమీ అడగలేదు. తలుపు మూయమని అక్కను కూర్చోమన్నాడు. "చెప్పండమ్మా. అమ్మాయిని ఎవరెవరు ఏమని పిలుస్తారు? అన్నీ చెప్పండి. ఒక్కటి వదిలినా అది బయట ఉండిపోతుంది."

"టికి," అంది అక్క.

క్లర్కు రాసుకున్నాడు.

"టికిలి. అది మా అత్తగారు. టికు రాణి, వాళ్ళ నాన్న ఫోన్‌లో." అక్క క్లర్కు కాగితం వైపు చూసింది. "చిన్నప్పుడు బుగ్గలుండేవని బొరుగుల మూట అనేవాళ్ళం."

"అది సాక్ష్యాల్లో ఉందా?"

"లేదు."

"అయితే అది మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాడు జడ్జిగారు నెమ్మదిగా.

నేను మిగతావి చెప్పాను. సూరత్, మగ్గాలు, అవ్వ కన్ను, తమ్ముడు, గాదె, గోడ మీద రాత. వకీలమ్మ పేజీ నంబర్లు అందించింది. అన్నీ తీసేయాలని, టికి బోవు అన్నచోట కూడా బాధితురాలి తల్లి అని వేయాలని, సరిచేసిన కాపీ తప్ప ఇంకేదీ పైకెక్కకూడదని ఆయన ఆర్డరు చెప్పాడు. క్లర్కు కలం గీసిన చప్పుడు వింటూ నేను గదిలో మనుషుల్ని చూశాను. జడ్జిగారు, క్లర్కు, టైపు చేసేవాడు, వకీలమ్మ, నటబర్. దాచిపెట్టమని అడగడానికి ఇంతమందికి చెప్పాల్సి వచ్చింది. వీళ్ళలో ఎవరి భార్యకు కటక్‌లో చుట్టాలున్నారో ఎవరికి తెలుసు?

వెనక గేటు నుంచి బయటపడి, దైతారి కోసం ఆగకుండా బస్సెక్కాం.

చీకటి పడకముందే వకీలమ్మ ఫోన్ చేసింది. పైకెక్కించారని, చూసుకోమని. నేను బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుని చదివాను. మొదటి పేజీ నుంచి చివరి దాకా టికి ఎక్కడా లేదు. సూరత్ లేదు. గాదె ఉండాల్సిన చోట నల్లగీత ఉంది. బయటికొచ్చి అక్కకు తలూపాను. అక్క గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది, అంతే.

బడికి ఇంకా పూజ సెలవులివ్వలేదు. మర్నాడు పొద్దున, దైతారి ఆటో ఇంకా రాకముందే, ఇంటివాళ్ళావిడ పళ్ళు తోముకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏమే బాపి బోవూ, మరిదితో పొలం కేసుందట మీకు! రాత్రి దైతారి చెప్పాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదేం? ఎక్కడే ఆ పొలం?"

అక్క చేతిలో దువ్వెన ఉంది. టికికి జడ వేస్తోంది. ఆ దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. కోర్టుకు వెళ్ళామని టికికి మేము చెప్పలేదు.

టికి అద్దంలోంచే మమ్మల్ని చూసింది. ఒకసారి అక్కను, ఒకసారి నన్ను. తర్వాత ఇంటివాళ్ళావిడ వైపు తిరిగింది.

"ఏటి ఒడ్డున పెద్దమ్మా," అంది. "కొబ్బరి చెట్లుంటాయి. మా చిన్నాన్న కంచె వేసేసి మమ్మల్ని రానివ్వట్లేదు. చిన్నప్పుడు నేను అక్కడే ఆడుకునేదాన్ని."

ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పింది. ఎక్కడా తడబడలేదు. గొంతులో కాస్త దిగులు కూడా పెట్టింది.

"అయ్యో తల్లీ," అంది ఇంటివాళ్ళావిడ. "నాన్న దగ్గర లేడని ఎంతకు తెగించారే! కాపు ఎవరు తింటున్నారు మరి?"

"వాళ్ళే," అంది టికి.

బయట హారన్ మోగింది. టికి సంచి తగిలించుకుని పరుగెత్తింది. ఇంటివాళ్ళావిడ లోకాన్ని తిట్టుకుంటూ తన వాటాలోకి పోయింది. అక్క నేల మీద రాలిన రెండు వెంట్రుకలు ఏరి వేలికి చుట్టుకుంది.

"కొబ్బరి చెట్లు ఎన్నని చెప్పింది కుమీ?"

"ఎన్నో చెప్పలేదు."

"సాయంత్రం దాన్నే అడగాలి," అంది అక్క. "అందరం ఒకటే చెప్పాలి."